సముద్రము దాటు పార్సెలు

రాజమహేంద్రవరము నుండి జాతీయ రహదారిపై దక్షిణముగా వచ్చువారికి గౌతమీ వంతెనకు ముందు తగులు ఊరు జొన్నాడ. వంతెన దాటినంతనే రావులపాలెము, అచట అరటిగెలల వర్తకము. అచటికి చేరువనే ఆత్రేయపురము, అచట పూతరేకులు. ఈ సీమలో సముద్రమునకు ఆవల ఒక కొడుకో, ఒక కూతురో, ఒక మేనల్లుడో లేని వీధి నేడు అరుదు. ఒకనాడు ఈ ప్రాంతములవారు ఓడ నెక్కి రంగూనునకు పోయెడివారు. నేడు కువైటునకు, దుబాయికి పనులకై పోవు స్త్రీపురుషులున్నారు. అమెరికాకు, ఆస్ట్రేలియాకు, ఇంగ్లండునకు చదువులకై, ఉద్యోగములకై పోవు యువతీయువకులున్నారు. పోయినవారు పోయినచోట సుఖముగనే ఉన్నను, వారి నాలుక మాత్రము ఇచటనే నిలిచి ఉండును. కావున వేసవి వచ్చి ఆవకాయ జాడీ నిండినదనగా, ఇంటి పెద్దలకు కలుగు మొదటి తలంపు పార్సెలు.

పార్సెలు కట్టుట మనవారికి క్రొత్త కాదు. పూర్వము దానిని బంగీ అనెడివారు. అయితే మన దేశములో ఒక ఊరి నుండి మరియొక ఊరికి పంపు బంగీకిని, దేశము దాటి పోవు బంగీకిని ఒక ముఖ్యమైన భేదము కలదు. మొదటిదానికి పంపువాడు, తపాలావారు, అందుకొనువాడు, ఈ ముగ్గురే. రెండవదానికి నాలుగవవాడొకడు కలడు. అతడే సుంకపు అధికారి. మనము అతనిని చూడము, అతడు మనలను చూడడు. మన పార్సెలు గతి మాత్రము అతని చేతిలో ఉన్నది. అతనికి మన మాటగా వినబడునది ఒకే ఒక కాగితము. ఆ కాగితమును గూర్చియు, దాని వెనుకనున్న నియమములను గూర్చియు శ్రోతలకు కొంత తెలుపవలెనని నేటి మా ఉద్దేశము.

మొదట ఈ ఏర్పాటు ఎట్లు నడచుచున్నదో చూతము. 1874లో స్విట్జర్లండు రాజధానియైన బెర్నెలో జరిగిన ఒడంబడిక వలన ప్రపంచ తపాలా సంఘము ఏర్పడినది. భారతదేశము 1876లో అందు చేరినది. ఒక దేశపు తపాలా బిళ్ల అంటించిన కవరును మరియొక దేశపు తపాలా బంట్రోతు ఇంటికి తెచ్చి ఇచ్చుట ఈ ఒడంబడిక ఫలమే. తపాలా కలిసినది గాని సుంకము కలియలేదు. ప్రతి దేశమును తన సరిహద్దులో తన చట్టమును నిలుపుకొన్నది. మన దేశమున 1878 నాటి సముద్ర సుంకముల చట్టమునకు బదులు వచ్చిన 1962 నాటి కస్టమ్సు చట్టము, తపాలా మూలమున వచ్చిపోవు సరకులకును వర్తించును.

జొన్నాడ ప్రాంతమున తపాలా కార్యాలయములో అప్పగించిన పార్సెలు మొదట చెన్నై వంటి నగరమందలి విదేశ తపాలా కార్యాలయమునకు చేరును. అచట మన సుంకాధికారులు దానిని చూతురు. అవసరమని తోచిన విప్పి చూచుటకును వారికి అధికారము కలదు. పిమ్మట అది విమానమెక్కును. గమ్యదేశమున దిగినంతనే ఆ దేశపు సుంకాధికారులు చూతురు. అటుపిమ్మటనే అది ఇంటికి పోవును. కావున పార్సెలు దాటవలసిన ద్వారములు మూడని చెప్పవచ్చును. మన దేశము దానిని పోనీయవలెను, విమానము దానిని మోయవలెను, ఆ దేశము దానిని రానీయవలెను. ఒక ద్వారము దాటినంత మాత్రమున రెండవది తెరువబడునని తలంపరాదు.

ఇక ఆ కాగితము సంగతి. దీనిని సుంకపు ప్రకటన యందురు. ఇది రెండు విధములు. చిన్న పొట్లములకు సి.ఎన్. 22, పార్సెళ్లకును హెచ్చు విలువ గలవానికిని సి.ఎన్. 23. ఈ సంఖ్యలు ప్రపంచమంతట ఒక్కటే. అందు ఏ వస్తువు, ఎన్ని, ఎంత బరువు, ఎంత విలువ, కానుకయా, అమ్మకపు సరకా, మాదిరియా అను సంగతులు వ్రాయవలెను. మనవారు తొందరలో “తినుబండారములు” అని ఒక్క మాట వ్రాసి సంతకము చేయుదురు. ఆ మాట సుంకాధికారికి ఏమియు చెప్పదు. ఏమియు చెప్పని మాట అనుమానమును పుట్టించును. అనుమానము పుట్టిన పార్సెలు పక్కన పెట్టబడును. “ఇంటిలో చేసిన మామిడికాయ పచ్చడి, ఒక కిలో, ఇంత విలువ. నూలుచీర ఒకటి, ఇంత విలువ” అని వేరువేరుగ, అందరికిని తెలియు ఇంగ్లీషు మాటలలో వ్రాయవలెను. ఆవకాయ అని మాత్రమే వ్రాసిన, పారిసులోని అధికారి దానిని ఏ గూటిలో పెట్టగలడు?

ఇప్పుడీ సంగతులు కాగితముపైననే కాక, పార్సెలు కంటె ముందుగా విద్యుత్ సమాచారముగ గమ్యదేశమునకు పోవలెను. అమెరికా 2018లో చేసిన చట్టము మూలమునను, ఐరోపా సమాఖ్య 2021 నుండి అమలు చేసిన ఏర్పాటు మూలమునను ఇది తప్పనిసరి అయినది. సమాచారము లేని పార్సెలు బయలుదేరకముందే ఆగిపోవును. అందుచేతనే తపాలా గుమాస్తా అన్ని ప్రశ్నలు అడుగును, గుర్తింపు పత్రము చూపుమనును. అది అతని చాదస్తము కాదు. అమ్మకపు సరకునకు ఆరు అంకెల వస్తుసంఖ్య ఒకటి కూడ కావలెను. 1988 నుండి ప్రపంచ దేశములు అనుసరించుచున్న వర్గీకరణ ఇది. పచ్చడికొక సంఖ్య, మిఠాయికొక సంఖ్య, చీరకొక సంఖ్య ఉండును.

మొదటి ద్వారము మన దేశపుది. మన చట్టము కొన్నిటిని బయటికి పోనీయదు. నెమలి ఈకలు ఇట్టివి. కృష్ణాష్టమికి మనుమనికి ఒక పించము పంపుదమని ముచ్చటపడిన తాతగారు, నెమలి పించములును వానితో చేసిన వస్తువులును ఎగుమతి చేయుట నిషిద్ధమని తెలిసికొనవలెను. ఎర్రచందనపు దుంగల ఎగుమతి నిషిద్ధము, దానితో చేసిన వస్తువులకును అనుమతి కావలెను. భారతీయ కరెన్సీ నోట్లను పార్సెలులో పెట్టరాదు. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లకు పైబడిన విగ్రహములు, నాణెములు, చిత్తరువులు, డెబ్బదియైదేండ్లకు పైబడిన విలువైన వ్రాతప్రతులు పురావస్తువులుగ ఎంచబడును. ముత్తాతగారి తాళపత్ర గ్రంథమైనను, పూజాగృహమందలి ప్రాచీనమైన పంచలోహ విగ్రహమైనను మన ఇంటి సొత్తే. కాని దానిని దేశము దాటించు హక్కు మనకు లేదు.

ఈ నిషేధములు ఎల్లకాలము ఒక్క తీరున ఉండవు. 2023 జూలై 20న మన ప్రభుత్వము బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించినది. ఆ వార్త పొక్కగనే అమెరికాలోని తెలుగువారు సోనామసూరి బస్తాలకై అంగళ్ల ముందు బారులు తీరిరి. 2024 సెప్టెంబరు 28న ఆ నిషేధము తొలగింపబడినది. ఆ పదునాలుగు నెలలు కోనసీమ రైతు పండించిన బియ్యము గోదావరి దాటగలిగినది గాని సముద్రము దాటలేకపోయినది. కావున నిరుడు పోయినది ఈ యేడును పోవునని నమ్మరాదు.

రెండవ ద్వారము విమానపుది. ఇచట కోనసీమవారు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు. ఎండు కొబ్బరి అంతర్జాతీయ ప్రమాదకర సరకుల పట్టికలో చేరియున్నది. దాని సంఖ్య 1363. నూనె హెచ్చుగా గల ఆ సరకు తనంతట తాను వేడెక్కి నిప్పు పట్టు స్వభావము గలదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. తోటలో, అటకపై ఏమియు చేయని కురిడీ కాయ విమానపు అరలో అపాయకారిగ ఎంచబడును. అట్లే కర్పూరము కూడ, దాని సంఖ్య 2717. పూజాసామగ్రి పంపు అమ్మలు పసుపు కుంకుమలతో పాటు కర్పూరపు డబ్బా నొకటి చేర్చుట వాడుక. ఆ చిన్న డబ్బా మూలమున పార్సెలంతయు నిలిచిపోవచ్చును. అగ్గిపెట్టెలు, సారాయి కలసిన అత్తరులు, గోళ్ల రంగులు, విడి లిథియము బ్యాటరీలు ఈ కోవలోనివే.

మూడవ ద్వారము పరదేశపుది. ఇదియే కఠినమైనది, దేశదేశమునకు మారునది.

అమెరికా సంగతి చూతము. అచట 2002 నాటి చట్టము ననుసరించి ఆహారపదార్థము దేశములోనికి వచ్చుటకు ముందు ఆహార, ఔషధ పాలక సంస్థకు సూచన పంపవలెను. అయితే ఈ నియమమునకు ఒక చక్కని మినహాయింపు కలదు. ఒక వ్యక్తి తన ఇంటిలో స్వయముగ చేసి, అమెరికాలోని మరియొక వ్యక్తికి స్వంత కానుకగా పంపిన ఆహారమునకు ఆ ముందస్తు సూచన అక్కరలేదు. అనగా తల్లి తన చేత కలిపి పంపిన ఆవకాయ వేరు, అంగడిలో కొని పంపిన ఆవకాయ వేరు. రెండిటి రుచిలోని భేదము మనకు తెలిసినదే. చట్టమునకును ఒక భేదము తెలిసియుండుట విశేషము. కాని ఈ మినహాయింపు సూచన మట్టునకే. కోడిమాంసపు పచ్చడి ఇంటిలో చేసినదైనను అచటి పశువ్యాధి నియమములు దానిని రానీయవు. పచ్చి కరివేపాకును సైతము రానీయరు. నిమ్మజాతి తోటలను నాశనము చేయు తెగులును మోయు పురుగు ఆ ఆకును ఆశ్రయించి బ్రతుకుటయే దానికి కారణము. ఒక పిడికెడు ఆకులో దాగిన పురుగు ఒక రాష్ట్రపు తోటలను పాడుచేయగలదని వారి భయము. తోటలు పెంచు మన ప్రాంతమువారికి ఆ భయము అర్థము కాకపోదు.

ఐరోపా సమాఖ్యయు, బ్రిటనును మన దేశము నుండి తపాలాలో పోవు మాంసమును, పాల పదార్థములను రానీయవు. అందుచేత నేతి సీసా, పాలకోవా అచటికి పంపరాదు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. పలుచని గంజితెర, బెల్లము లేక పంచదార, నేయి, ఈ మూటితోనే ఆ మిఠాయి పుట్టుచున్నది. నేతిని బట్టి అధికారి ప్రశ్నింపవచ్చును గనుక పంపుటకు పూర్వము ఆ దేశపు నియమమును తెలిసికొనుట మేలు. ఆస్ట్రేలియా మరింత కఠినము. విత్తనములు, తాజా ఫలములు, పాలు, గ్రుడ్లు, మాంసము వీనిని గూర్చి ఆ దేశము ఉపేక్షింపదు. దొరికినవానిని తిప్పి పంపును, లేక ధ్వంసము చేయును.

గల్ఫు దేశముల సంగతి వేరు. అచట ప్రమాదము డబ్బుతో పోదు. మన వంటింట మసాలాలో నూరు గసగసాలు ఐక్య అరబ్ ఎమిరేట్లలో నిషిద్ధములు. అవి మాదకద్రవ్యపు మొక్క విత్తనములగుటయే కారణము. మనకది కూరకు చిక్కదనమునిచ్చు దినుసు. అచట నేరారోపణకు కారణము కావచ్చును. నొప్పికిని దగ్గునకును మన ఊరి మందుల అంగడిలో దొరకు కొన్ని మాత్రలును, కషాయములును ఆ దేశములలో అదుపుగల ఔషధములు. కువైటులో ఇంటిపని చేయు కూతురు నడుము నొప్పియని వ్రాయగా, తల్లి మాత్రలు పంపును. ఆ మాత్రల మూలమున కూతురు ఠాణా మెట్లెక్కవలసివచ్చిన, ఆ తల్లి ప్రేమ ఆమెకు ఎట్లు అడ్డుపడగలదు? మందులు పంపదలచువారు వైద్యుని చీటి లేకయు, ఆ దేశపు నియమమును విచారింపకయు పంపరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

ఇక సుంకమును గూర్చి. తపాలా ఛార్జీ చెల్లించితిమి గదా, ఇంకేమి చెల్లింపవలెనని పలువురడుగుదురు. తపాలా ఛార్జీ మోతకూలి. సుంకము ఆ దేశపు పన్ను. సాధారణముగా దానిని అందుకొనువారే చెల్లింతురు. కానుకలకు కొంత మినహాయింపు కలదు. బ్రిటనులో 39 పౌనులు, ఐరోపా సమాఖ్యలో 45 యూరోలు, అమెరికాలో 100 డాలర్లు, ఇవి ఆ మినహాయింపుల మేరలు. అయితే కానుక అని వ్రాసినంత మాత్రమున సరకు కానుక కానేరదు. వ్యక్తి వ్యక్తికి, సొమ్ము పుచ్చుకొనక పంపినదే కానుక. అమ్మిన సరకుపై కానుక యని వ్రాయుటయు, ఐదువేల రూపాయల చీరకు ఐదువందలు వేయుటయు అబద్ధపు ప్రకటనలే. పైగా పార్సెలు పోయినచో పరిహారము సాధారణముగ ప్రకటించిన విలువకు మించదు. తగ్గించి వ్రాసినవాడు నష్టపోవునది రెండు విధముల.

అమెరికాలో చిన్న పార్సెళ్లకు సుంకపు మినహాయింపు చిరకాలముగ ఉండెను. 2016 నుండి ఆ మేర 800 డాలర్లు. 2025 ఆగస్టు 29 నుండి ఆ మినహాయింపు రద్దయినది. సుంకమును ఎవరు వసూలు చేయవలెను, ఎట్లు చెల్లింపవలెను అను సంగతులు తేలకపోవుటచే పెక్కు దేశముల తపాలా సంస్థలు అమెరికాకు పార్సెళ్లు పుచ్చుకొనుట మానినవి. మన తపాలాశాఖ ఆగస్టు 25 నుండి నిలిపివేసి, అక్టోబరు 15 నుండి తిరిగి ఆరంభించినది. సుంకమును పంపువారే ముందుగా ఇచట చెల్లించు ఏర్పాటును అప్పుడు ప్రవేశపెట్టినది. దసరా పండుగ ఆ నడుమనే వచ్చి పోయినది. దూరదేశమున ఉన్న బిడ్డకు పిండివంటలు పంపదలచినవారికి ఇది ఒక ముచ్చట తీరకపోవుట. ఇంటిలో పచ్చళ్లు పెట్టి, పూతరేకులు చుట్టి, ఆ సంపాదనతో పిల్లలను చదివించుకొను స్త్రీలకు మాత్రము అది పని ఆగుట. ఎక్కడనో ఒక రాజధానిలో చేసిన సంతకము గౌతమి ఒడ్డున ఒక కుండను పొయ్యి మీదినుండి దింపగలదని అప్పుడు తెలిసినది.

ఇట్టి చిన్న ఉత్పత్తిదారులకై 2022 నుండి తపాలాశాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రములను నెలకొల్పినది. ఎగుమతిదారు ఇచట తన సరకు వివరములను కంప్యూటరు మూలమున నమోదు చేసి, తపాలా ఎగుమతి పత్రమును పొందవచ్చును. వర్తకమునకు పంపువారికి ఎగుమతి, దిగుమతి సంకేతసంఖ్య కావలెను. స్వంత కానుకకు అది అక్కరలేదు. ఆహారమును అమ్మువారికి మన ఆహార భద్రతా సంస్థ అనుమతి, గమ్యదేశపు నియమములకు సరిపడు చీటీ, పదార్థముల పేర్లు ఉండవలెను. ఇదంతయు మొదట అడవివలె తోచును. ఒకసారి దారి తెలిసికొన్నవారికి అది ప్రతిదినము నడచు గట్టువలె అగును.

పార్సెలు కట్టుటలోను కొన్ని జాగ్రత్తలు కలవు. నూనె తేలు పచ్చడిని గాజు సీసాలో గాక, బిగుతు మూత గల ప్లాస్టిక్కు డబ్బాలో ముక్కాలు వంతు నింపి, రెండు సంచులలో వేరువేరుగ బిగించి, నూనె పీల్చు కాగితము నడుమ నుంచవలెను. ఒక్క డబ్బా కారిన ఇతరుల ఉత్తరములు కూడ పాడగును. వస్తువుల పట్టిక నొకదానిని లోపల కూడ ఉంచవలెను. బట్వాడా కానిచో తిరిగి పంపవలెనా, విడిచిపెట్టవలెనా అని సి.ఎన్. 23లో అడుగుదురు. చాలమంది ఆ గడిని ఖాళీగ వదలుదురు. తిరుగు ఛార్జీ పంపినవారే భరింపవలసివచ్చును గనుక, పచ్చడికైన విడువుమనుట, పట్టుచీరకైన తిప్పి పంపుమనుట వివేకము. రసీదును పార్సెలు చేరువరకు భద్రపరుపవలెను. దానిపైనున్న సంఖ్యతోనే పార్సెలు జాడ తెలియును.

చివరగా రెండు హెచ్చరికలు. ఇరుగుపొరుగువారు “మీ పార్సెలులో ఇదికూడ చేర్చుడు” అని కట్టిన పొట్లమును ఇచ్చిన, విప్పి చూడక పుచ్చుకొనరాదు. మొగమాటము పడిన తరువాత పుచ్చుకొనుట కంటె, ముందే కాదనుట మంచిది. ప్రకటనపై సంతకము మీది. లోపల దొరికినదానికి జవాబుదారి మీరు. రెండవది, “మీ పేర వచ్చిన పార్సెలులో మత్తుమందులు దొరకినవి, వెంటనే డబ్బు పంపనిచో అరెస్టు చేయుదుము” అని టెలిఫోనులో బెదిరించువారు నేడు బయలుదేరిరి. ఫోనులో అరెస్టు చేయు పద్ధతి మన చట్టమున లేదు. అట్టి పిలుపు వచ్చిన ఫోను పెట్టివేసి, 1930 సంఖ్యకు తెలుపవలెను.

సుంకపు నియమములు మన ఆప్యాయతకు అడ్డుగోడలని కొందరు విసుగుకొందురు. కాని ఏ దేశమైనను తన తోటలను, తన పశువులను, తన ప్రజలను కాపాడుకొనుటకు వాకిలి యొద్ద ఒక మనిషిని నిలుపుకొనును. మన ఇంటికి క్రొత్తవాడు వచ్చిన, ఎవరు, ఏ ఊరు, చేతిలో నేమి అని మనమును అడుగుదుము గదా. ఆ మూడు ప్రశ్నలకును నిజమైన జవాబులు కాగితముపై స్పష్టముగా వ్రాసి పంపుట మన పని. రుసుములును, నిషేధములును తరచుగ మారుచుండును. కావున పార్సెలు కట్టిన పిమ్మట గాక, కట్టుటకు పూర్వమే తపాలా కార్యాలయములో విచారింపవలెను. జాడీలోనుండి పచ్చడి తీయుటకు ముందు అడిగినవారికి పచ్చడి మిగులును, ఛార్జీయు మిగులును.